బస్సెక్కినవాళ్ల కాలం ఖరీదు సున్నా

యూరప్‌లో మీ విమానం మూడు గంటలు ఆలస్యంగా దిగిందనుకోండి. తప్పు ఎయిర్‌లైన్‌దైతే కనీసం 250 యూరోలు మీ చేతిలో పెట్టాలి. దూరం పెరిగితే 400, ఇంకా పెరిగితే 600. రైలు గంట ఆలస్యమైతే టికెట్ డబ్బులో పావు వంతు వెనక్కి వస్తుంది, రెండు గంటలు దాటితే సగం. కొన్ని మినహాయింపులున్నా చట్టం సారం ఇదే. మరి బస్సు ఆరు గంటలు ఆలస్యంగా ఊరు చేరితే? సున్నా. ఒక్క సెంటు రాదు. కోపంలో పెంచి చెబుతున్న మాట కాదిది. విమానాలకు 2004 నాటి 261వ నిబంధన, రైళ్లకు 2021 నాటి 782వ నిబంధన, బస్సులకు 2011 నాటి 181వ నిబంధన. మూడూ పక్కపక్కన పెట్టుకుని ఎవరైనా చదువుకోవచ్చు. మూడింటినీ తెచ్చింది ఒకే యూరోపియన్ యూనియన్.

బస్సుల నిబంధన దృష్టిలో ఆలస్యమంటే బయల్దేరేటప్పటి ఆలస్యమే. 250 కిలోమీటర్లు, ఆపైన దూరం వెళ్లే బస్సు స్టాండులోంచి కదలడమే రెండు గంటలకు మించి ఆలస్యమైతే, డబ్బు వెనక్కి తీసుకుంటారా, వేరే దారిలో పంపమంటారా అని కంపెనీ అడగాలి. అడగకపోతే టికెట్ డబ్బుకు తోడు అందులో సగం పరిహారంగా ఇవ్వాలి. మూడు గంటలకు మించిన ప్రయాణమై, బస్సు గంటన్నర దాటినా కదలకపోతే తినడానికి ఏదో ఒకటి పెట్టాలి. అంతవరకూ బాగానే ఉంది. బస్సు ఒక్కసారి కదిలిందా, ఇక మీ ఖర్మ మీది. దారిలో ఎక్కడ ఎంతసేపు నిలిచిపోయినా, తెల్లవారుజామున చేరాల్సినవాళ్లు మధ్యాహ్నానికి చేరినా పరిహారం అడిగే హక్కు ఆ కాగితం మీద లేదు.

ఎందుకిలా రాశారంటే, బస్సెక్కేది ఎవరో రాసినవాళ్లకు తెలుసు. ముసలివాళ్లకు సేవలు చేసే పనిమీద ఆస్ట్రియా, ఇటలీ వెళ్లి సెలవులకు ఇంటికి పోయే రొమేనియా ఆడవాళ్లు. బాల్కన్ దేశాల తాపీ పనివాళ్లు. చదువుకోవడానికి వచ్చి పార్ట్‌టైమ్ జీతంతో నెల ఈదే పిల్లలు. మనవల్ని చూడ్డానికి పోయే నానమ్మలు. వీళ్ల మధ్యలో వీపున సంచులు తగిలించుకున్న మాలాంటి దేశదిమ్మరులు. వీళ్లలో వకీలును పెట్టుకుని కోర్టుకెక్కేదెవరు? మంత్రికి ఫోన్ చేయగలిగేదెవరు? పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతికి కూర్చున్నవాళ్లు వీళ్లు. ఏది మిగిలితే అది తిని లేవాలి, పాయసం అయిపోయిందంటే అయిపోయినట్టే.

నేను యాభై దాటిన మనిషిని. షెంగెన్ వీసాకు 90 యూరోల రుసుము కట్టి, 30,000 యూరోల ఆరోగ్య బీమా కాగితం చూపించి, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటానో ముందే రాసిచ్చి మరీ ఆ ఖండంలో అడుగుపెట్టాను. డబ్బు చాలదు కాబట్టి బస్సులు ఎంచుకున్నాను. ఆ పారిస్–మ్యూనిక్–ప్రాగ్ ప్రయాణం గురించి ఇప్పుడు రాస్తున్నది సానుభూతి కోసం కాదు, నాకు కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. ఒక రోజు మొత్తం మన ఒంట్లోంచి ఎలా పిండుకుంటారో, దానికి చట్టం ఎలా కాపలా కాస్తుందో ఆ ఒక్క రోజులో ముక్క ముక్కగా కనపడింది, అందుకు.

ముందు స్టాండు సంగతి. పారిస్‌లో దూరపు బస్సుల ప్రధాన స్టేషన్ బెర్సీ పార్కు అడుగున, నేల కింద ఉంటుంది. పైన పచ్చిక, చెట్లు. కింద కాంక్రీటు స్తంభాలు, డీజిల్ పొగ. మూసేస్తామని నగరపాలకులే అంటూ వచ్చారంటే అది ఎంత ముచ్చటైన చోటో అర్థం చేసుకోండి. అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే గార్ ద లియోన్ రైల్వే స్టేషన్. 1900 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన గడియార స్తంభం, లోపల బంగారు పూతల రెస్టారెంట్. ఒకే ఊరు, ఒకే పని మీద బయల్దేరిన మనుషులు. రైలెక్కేవాళ్లకు ప్యాలెస్, బస్సెక్కేవాళ్లకు సెల్లారు.

పారిస్‌నే అనడం అన్యాయం. జర్మనీలో కొలోన్ నగరం 2015లో దూరపు బస్సులను ఊరి నడిబొడ్డు నుంచి ఖాళీ చేయించి ఎయిర్‌పోర్టుకు తోలేసింది. ప్రపంచమంతా చూడ్డానికి వచ్చే ఆ పెద్ద చర్చి రైల్వే స్టేషన్ గుమ్మం ముందే ఉంటుంది, బస్సులో వచ్చినవాడు మాత్రం ఎయిర్‌పోర్టులో దిగి మళ్లీ టికెట్ కొనుక్కుని ఊళ్లోకి రావాలి. స్టుట్‌గార్ట్‌లోనూ బస్‌స్టేషన్ ఎయిర్‌పోర్టు దగ్గరే. మ్యూనిక్‌లో, ప్రాగ్‌లో నయం, ఊరి మధ్యలో మనుషులు కూర్చోదగిన స్టేషన్లున్నాయి. చాలా ఊళ్లలో అదీ లేదు. రోడ్డు పక్కన ఒక స్తంభం, దాని మీద ఒక బోర్డు. వాన పడితే గొడుగు, మంచు పడితే కోటు, రెండూ లేకపోతే మీ అదృష్టం.

హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో, విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో పుట్టి పెరిగిన ప్రాణాలు మనవి. అక్కడ కంపు లేదని నేననను. కానీ ప్లాట్‌ఫారానికి నంబరుంటుంది, నెత్తిన కప్పుంటుంది, కూర్చోడానికి బల్ల ఉంటుంది, మైకులో ఒక గొంతు ఏ బస్సు ఎక్కడుందో చెబుతుంది, ఎంక్వయిరీలో విసుక్కుంటూనైనా జవాబు చెప్పే మనిషి ఉంటాడు. బస్సెక్కేవాడు కూడా పౌరుడేనన్న ఊహ ఆ కట్టడంలో ఉంది. తలసరి ఆదాయంలో మనకు అందనంత ఎత్తున ఉన్న దేశాలకు ఆ ఊహ ఎందుకు రాలేదు?

ఇక బస్సు. పారిస్‌లో చీకటి పడ్డాక ఎక్కాను. నలభై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. గుర్తుంది కదా, గంటన్నర లోపు ఆలస్యం చట్టం కంటికి ఆనదు. లోపల టాయిలెట్ తలుపుకు అడ్డంగా టేపు వేసి ఉంది. డ్రైవర్‌ని అడిగితే భుజాలెగరేసి, మధ్యలో ఆపుతానన్నాడు. ఆ మనిషే టికెట్లు స్కాన్ చేశాడు, సామాన్లు డిక్కీలో సర్దాడు, ఒక ముసలాయనకు సీటు బెల్టు పెట్టాడు, తర్వాత స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు.

ఆపిన చోటు జర్మనీ హైవే పక్కన ఒక పెద్ద బంకు. తెల్లవారుజామున మూడు దాటింది. ఆ హైవేల మీద చాలాచోట్ల టాయిలెట్‌కు వెళ్లాలంటే గేటు దగ్గర యంత్రంలో నాణెం వేయాలి. 2022 దాకా 70 సెంట్లుండేది, ఇప్పుడు 1 యూరో. వేస్తే గేటు తిరుగుతుంది, ఒక కూపన్ బయటికి వస్తుంది, ఆ కూపన్‌తో పక్కనున్న కొట్లో ఏదైనా కొనుక్కోవచ్చు. నా ముందు తలకు రుమాలు కట్టుకున్న ఒకావిడ, పక్కన ఏడెనిమిదేళ్ల మనవరాలు. ఆవిడ అరచేయి తెరిచి ఒక్కో నాణెం యంత్రంలో వేస్తోంది, యంత్రం ఒక్కోదాన్నీ కిందికి ఉమ్మేస్తోంది. తొంగి చూస్తే అవన్నీ రొమేనియా బనీలు. ఆ పిల్ల కాళ్లు దగ్గరికి ముడుచుకుని నిలబడింది. నా దగ్గరున్న నాణేలు ఆ గేటుకు పోశాను. చేతికొచ్చిన కూపన్లు పట్టుకుని కొట్లోకి పోతే, వాటికి ఇంకెంత చేరిస్తే ఒక నీళ్ల సీసా వస్తుందో చూసి తిరిగి జేబులో పెట్టుకున్నాను.

రొమేనియా 2007 నుంచి యూరోపియన్ యూనియన్‌లో సభ్య దేశం. ఆ ముసలావిడ యూనియన్ పౌరురాలు. తన సొంత యూనియన్‌లో ఒంటేలుకు పోవడానికి ఆవిడ దగ్గర చెల్లే నాణెం లేదు. టికెట్ కొన్న బస్సులో టాయిలెట్ ఉంటుందని కంపెనీ బొమ్మ వేసి మరీ అమ్మింది. తలుపుకు టేపు వేసినందుకు కంపెనీకి పోయింది ఏమీ లేదు, ఆ ఖర్చు గేటు దగ్గర ప్రయాణికులే భరించారు. చవక టికెట్ రహస్యం ఇదొక్కటే. ధర తగ్గించరు, ధరలో కొంత భాగాన్ని మీ మూత్రాశయం మీదికి, మీ నడుము మీదికి, మీ నిద్ర మీదికి బదిలీ చేస్తారు.

ఆడవాళ్లకు ఈ బదిలీ రెండింతలు. బస్సెక్కే ముందు పూట నుంచే నీళ్లు తాగడం మానేసే విద్య మన పల్లెటూరి అమ్మలకు తెలుసు. ఆ విద్యను యూరప్‌లో అభ్యాసం చేయాల్సి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

ఈ బంకు కంటే ముందే, మా దారి స్ట్రాస్‌బూర్గ్ మీదుగా రైన్ నది దాటింది. అక్కడొక ముచ్చట చెప్పుకోవాలి. బస్సు ప్రయాణికుల హక్కులను ఇంత ఉదారంగా రాసిన యూరోపియన్ పార్లమెంటు కూర్చునేది ఆ ఊళ్లోనే. ఏడాదిలో దాదాపు ప్రతి నెలా బ్రస్సెల్స్ నుంచి స్ట్రాస్‌బూర్గ్‌కు మకాం మారుస్తారు. ప్రజాప్రతినిధులకు, సిబ్బందికి ప్రత్యేక రైలు. 2023 అక్టోబర్‌లో ఆ రైలు దారి తప్పి వాళ్లను పారిస్ డిస్నీలాండ్ స్టేషన్‌కు మోసుకుపోయింది. ముక్కాలు గంట ఆలస్యమైతే ప్రపంచమంతా వార్త. ఆ ముక్కాలు గంట బాధ తెలిసినవాళ్లు ఒక్క రాత్రి, ఒకే ఒక్క రాత్రి, బ్రస్సెల్స్ నుంచి స్ట్రాస్‌బూర్గ్‌కు మాతో బస్సులో వస్తే 181వ నిబంధన మర్నాడే సవరణకు వస్తుంది.

నది దాటగానే బస్సును పక్కకు తీయించారు. సరిహద్దు తనిఖీ. 1985లో షెంగెన్ అనే పల్లెలో సంతకాలు పెట్టి, 1995 నుంచి సరిహద్దు గేట్లు ఎత్తేశామని చెప్పుకుంటున్న ఖండమిది. ఆ గేట్లు తాత్కాలికంగా మళ్లీ దించుతున్నామంటూ ఫ్రాన్స్ 2015 నవంబర్ నుంచి అదే పాట పాడుతోంది. జర్మనీ 2024 సెప్టెంబర్ 16 నుంచి తన భూ సరిహద్దులన్నిటికీ ఆ తాత్కాలికాన్ని విస్తరించింది. బస్సు తలుపులు మూసే ఉంటాయి. లోపలున్నవాళ్లెవరూ దిగి పారిపోలేరు. టార్చి లైటు పట్టుకుని సీటు సీటుకూ రావడం తేలిక. మా పక్కగా కార్లు ఒకదాని వెనక ఒకటి నెమ్మదించి సాగిపోతూనే ఉన్నాయి.

నా పక్క సీట్లో ఒక కుర్రాడు, గుంటూరు వైపు పిల్లాడు, జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నాడు. ఎక్కినప్పుడు ఇంగ్లీషులో పలకరించి, నా సంచికి వేలాడుతున్న పసుపుతాడు చూసి తెలుగులోకి దిగాడు. లైటు ముందు సీటు దాకా రాగానే, "పాస్‌పోర్టు చేతిలో పట్టుకోండి ఆంటీ, బ్యాగులో వెతుక్కుంటుంటే వాళ్లకు చిరాకొస్తది" అన్నాడు. ముందు వరసలో ఇద్దరు తెల్ల కుర్రాళ్ల కాగితాలు తిప్పి చూసి ఇచ్చేశారు. మావి, వెనక కూర్చున్న ఇద్దరు ఆఫ్రికా అబ్బాయిలవి కిందికి తీసుకుపోయి, చాలాసేపటికి తెచ్చిచ్చారు. దురుసుగా ఎవరూ మాట్లాడలేదు. "ఎప్పుడూ ఇంతేనా బాబూ?" అంటే, "ఇక్కడ ఇంతే ఆంటీ, అలవాటైపోతది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అలవాటు కాకూడదు నాయనా. చట్టం నీ పక్షానే ఉంది, అది నీకెవరూ చెప్పలేదు. రైల్లో ఒంటి రంగు చూసి కాగితాలు అడగడం రాజ్యాంగ విరుద్ధమని జర్మనీలోనే కోబ్లెంజ్ పైకోర్టు 2012లో తేల్చింది. దేశం దాటే బస్సుల్లో ఎక్కేముందే ప్రయాణికుల పాస్‌పోర్టులు చూడాలని, చూడకుండా తెస్తే జరిమానా వేస్తామని జర్మనీ ప్రభుత్వం కంపెనీలను బెదిరిస్తే, అది దొంగదారిన సరిహద్దు తనిఖీ పెట్టడమేనని, కుదరదని యూరోపియన్ న్యాయస్థానం 2018 డిసెంబర్‌లో చెప్పింది. గేట్లు మళ్లీ దించితే, అప్పటి నియమాల ప్రకారం కొత్త ముప్పు చూపించకుండా ఆరు నెలలకు మించి పొడిగించకూడదని అదే న్యాయస్థానం ఆస్ట్రియా కేసులో 2022లో అంది. తీర్పులు పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. టార్చి లైటు మాత్రం బస్సులో ఉంది.

తర్వాత హైవే మీద ఎక్కడో యాక్సిడెంట్, కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయిన బండ్లు. ఆ తర్వాత డ్రైవర్ విశ్రాంతి. ఇక్కడ కొందరు ప్రయాణికులు గొణిగారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. నాలుగున్నర గంటలు తోలితే 45 నిమిషాలు ఆగాలి, రోజుకు తొమ్మిది గంటలకు మించి తోలకూడదు, వారానికి రెండు రోజులు మాత్రం పది గంటల దాకా తోలవచ్చు. ఇది 2006 నాటి 561వ నిబంధన. బస్సులో ఉండే టాకోగ్రాఫ్ ప్రతి నిమిషాన్నీ రాసుకుంటుంది. యూరప్ రోడ్ల మీద నేను చూసిన గొప్ప విషయం ఏదైనా ఉందంటే అదే. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర తెల్లవారుజామున ప్రైవేటు బస్సు మంటల్లో 45 మంది కాలిపోయిన నేల నుంచి వచ్చినదాన్ని. డ్రైవర్‌ను నిద్రపోనివ్వండి, బస్సును సరిగా తనిఖీ చేయండి అని అరిచి గొంతు పోయిన జనం మేం. డ్రైవర్ ఆగిన 45 నిమిషాలకు నేను ఏడవను. ఆ 45 నిమిషాలు ఉంటాయని తెలిసీ, రాత్రిపూట తనిఖీలుంటాయని తెలిసీ, ట్రాఫిక్ ఆగుతుందని తెలిసీ, అన్నీ సవ్యంగా జరిగితే తప్ప కుదరని టైం రాసి, దాని మీద టికెట్ అమ్మినవాడిని నిలదీస్తాను.

ఎవడు వాడు? అదే తమాషా. బస్సు మీద పేరు ఒకరిది, బస్సు ఇంకొకరిది. జర్మనీలో 1934లో హిట్లర్ కాలంలో వచ్చిన చట్టం రైల్వేకు పోటీ లేకుండా దూరపు బస్సులను దాదాపు నిషేధించింది. ఊరు గోడతో రెండు ముక్కలైన బెర్లిన్‌కు మాత్రం మినహాయింపు. 2013 జనవరి 1న ఆ తలుపు తెరిచారు. ఫ్రాన్స్ 2015 ఆగస్టులో తెరిచింది. తెరవడం మంచిదే, నేను రైల్వేల గుత్తాధిపత్యానికి భజన చేయను. కానీ లోపలికి వచ్చింది బస్సులు కొని డ్రైవర్లకు జీతాలిచ్చే కంపెనీ కాదు. యాప్, రంగు, టైంటేబుల్, గంటగంటకూ మారే ధర, ఇవి ఒకరి చేతిలో. బస్సు కొన్న అప్పు, డీజిల్, రిపేర్లు, డ్రైవర్ జీతం ఊరూరా చిన్న ట్రావెల్స్ యజమానుల నెత్తిన. టాయిలెట్ ఎందుకు పనిచేయలేదంటే యాప్‌వాడు బస్సువాడి వైపు చూపిస్తాడు, బస్సువాడు యాప్‌వాడి వైపు చూపిస్తాడు. మధ్యలో ఆ డ్రైవర్ భుజాలెగరేస్తాడు. పాపం, అతనికి చేతనైంది అదే.

ఈ పద్ధతి మనకు దూరంగా ఏమీ లేదు. అక్కడ రోడ్లను ఏలుతున్న పచ్చ బస్సుల కంపెనీ ఫ్లిక్స్‌బస్ 2024లో ఢిల్లీ నుంచి మొదలుపెట్టి అదే ఏడు బెంగళూరు–హైదరాబాద్ దారికీ వచ్చింది. ఇక్కడా బస్సులు స్థానిక యజమానులవే. యూరప్‌లో ఏం జరుగుతోందో మనం తెలుసుకోవాల్సిన అవసరం అందుకే ఉంది.

మ్యూనిక్ చేరేసరికి నాలుగు గంటలు ఆలస్యం. ప్రాగ్ వెళ్లే నా బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. రెండు టికెట్లు విడివిడిగా కొన్నాను, చవకగా వస్తాయని అందరూ అలాగే కొంటారు. కనుక రెండో బస్సు తప్పిపోవడం పూర్తిగా నా సొంత విషయమట. యాప్‌లో అదే దారికి సాయంత్రం బస్సు ధర చూస్తే నేను ముందు కట్టినదానికి మూడింతలు. ధర పెరగడానికి కారణం నేనే, నాలాగా బస్సు తప్పిపోయినవాళ్లే. అదే క్షణంలో ఫోన్ గణగణలాడింది. మీ ప్రయాణం ఎలా జరిగింది, ఎన్ని నక్షత్రాలిస్తారు అని. ఆకాశంలో ఉన్నవన్నీ తీసుకోండి, నా నాలుగు గంటలు నాకివ్వండి.

సాయంత్రం దాకా ఆ ఊళ్లో ఏం చేయాలి? సంచి లాకర్‌లో పెట్టడానికి డబ్బు. పళ్లు తోముకోవడానికి డబ్బు. బల్లల మధ్యలో ఎవరూ నడుం వాల్చకుండా ఇనుప చేతులు బిగించారు, కాబట్టి కూర్చునే నిద్రపోవాలి. కుర్చీ కావాలంటే కాఫీ కొనాలి. కప్పు అడుగున చల్లారిన గుక్కెడు మిగుల్చుకుని, అది ఉన్నంతసేపూ ఆ కుర్చీ నాదేనన్నట్టు కూర్చున్నాను. చుట్టూ మ్యూనిక్ ఉంది. మ్యూజియాలున్నాయి, తోటలున్నాయి. నాకు వాచిన పాదాలు తప్ప ఏమీ కనపడలేదు. ప్రాగ్‌లో అర్ధరాత్రి దాటాక హాస్టల్ తలుపు తట్టాను. ఆ రాత్రి మంచానికి నేను ముందే డబ్బు కట్టాను, వాడుకున్నది సగం.

ఇప్పుడు మన వీడియో వీరుల దగ్గరికి వస్తాను. "రాత్రి బస్సెక్కండి ఫ్రెండ్స్, హోటల్ ఖర్చు మిగులుతుంది" అని ఉపదేశించేవాళ్ల దగ్గరికి. తొమ్మిది రోజుల్లో ఏడు దేశాలు అని థంబ్‌నెయిల్ వేసేవాళ్ల దగ్గరికి. మిగిలింది ఎంతో చెప్పారు, పోయింది ఎంతో ఎందుకు చెప్పరు? పొద్దున ఆరుకు దిగితే హాస్టల్లో మంచం ఇచ్చేది మధ్యాహ్నం రెండుకో మూడుకో. ఆ మధ్య గంటలన్నీ ఎడిటింగ్‌లో ఎక్కడికి పోతున్నాయి? బస్సు కిటికీలోంచి సూర్యోదయం చూపిస్తారు. గేటు దగ్గర నాణెం కోసం తడుముకున్న చేతిని చూపించరు. అన్నిటికీ కలిపి అడ్వెంచర్ అని పేరు పెట్టారు. సాహసమంటే మనం ఎంచుకున్న కష్టం. ఎవడో లాభం కోసం మన నెత్తిన పెట్టిన కష్టాన్ని సాహసమని మురిసిపోతే, ఆ ఎవడో మనకు రుణపడి ఉంటాడు.

మన భాషలో యాత్ర రాయడమంటే ఇలా ఉండేది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లి వస్తూ, ఏ మజిలీలో దిగడానికి వసతి ఉంది, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి, ఏ దారి ఎలాంటిది అని పట్టుగా రాసిపెట్టాడు. వెనక వచ్చేవాడికి పనికిరావాలన్న ధ్యాస అది. ఆయనకు పల్లకీ ఉంది, బోయీలున్నారు, వంద మందికి పైగా పరివారం ఉంది. అయినా ఇబ్బందిని దాచలేదు. రెండు వందల ఏళ్ల తర్వాత చేతిలో కెమెరా ఉన్నవాళ్లం మనం దాస్తున్నాం.

చవక టికెట్ కొన్నావు, నోరు మూసుకుని భరించు అనేవాళ్లు ఉంటారు. ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు రెండు లెక్కలు. జర్మనీలో దూరపు రైలు టికెట్ మీద విలువ ఆధారిత పన్నును 2020 జనవరిలో 19 శాతం నుంచి 7 శాతానికి తగ్గించారు. వాతావరణం కోసమన్నారు. బస్సు టికెట్ మీద 19 శాతం అలాగే ఉంచారు, బస్సు కూడా విమానం కంటే ఎంతో తక్కువ పొగ వదిలే బండే అయినా. దేశాల మధ్య ఎగిరే విమానాల ఇంధనానికి పన్ను లేదు, అంతర్జాతీయ విమాన టికెట్ మీద విలువ ఆధారిత పన్నూ లేదు. బస్సు డీజిల్ మీద పన్ను ఉంది. జర్మనీ హైవేల మీద లారీలకున్న టోల్ బస్సులకు లేదు, ఆ ఒక్క మేలూ ఒప్పుకుంటాను. మొత్తం మీద చవక టికెట్ కొన్నవాళ్ల దగ్గరే పన్ను ఎక్కువ శాతం వసూలు చేసి, హక్కులు మాత్రం వాళ్లకే తక్కువ ఇచ్చారు. తక్కువ డబ్బు కట్టినవాడికి సీటు చిన్నదిస్తే అర్థముంది. బిస్కెట్ ఇవ్వకపోయినా అర్థముంది. వాడి నాలుగు గంటలకు విలువే లేదనడానికి ఏ అర్థమూ లేదు. టికెట్‌లో పావు వంతు, సగం అని రైలుకు రాసినట్టే బస్సుకూ రాయండి. నలభై యూరోల టికెట్‌లో సగం ఇరవై. దానితో కంపెనీలు దివాలా తీయవు. టైంటేబుల్‌లో మాత్రం అబద్ధం తగ్గుతుంది.

అది మారేదాకా మీరు చేయగలిగింది కొంత ఉంది. బస్సు బయల్దేరిన సమయం ఫోటో తీసి పెట్టుకోండి, రెండు గంటలు దాటితే అదే మీ సాక్ష్యం. దారి మారే ప్రయాణమైతే రెండు బస్సులూ ఒకే టికెట్ మీద కొనండి, రెండు యూరోలు ఎక్కువైనా సరే. ఒక యూరో నాణేలు నాలుగు విడిగా ఉంచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఫిర్యాదు రాయండి. ప్రయాణం రోజు నుంచి మూడు నెలల లోపు కంపెనీకి రాయాలి. ఫిర్యాదు అందాక కంపెనీ నెలలోగా ఏదో ఒకటి తెలపాలి, మూడు నెలల్లోగా తుది జవాబివ్వాలి, ఇదీ అదే 181వ నిబంధన. జవాబు నచ్చకపోతే ఆ దేశంలో దీనికోసం పెట్టిన శాఖకు పోవచ్చు. జర్మనీలో బస్సు ప్రయాణికుల గోడు వినాల్సింది రైల్వే శాఖ. నవ్వు వచ్చినా అక్కడికే పంపండి. పక్క సీటులో కూర్చుని ఇక్కడ ఇంతే ఆంటీ అనుకునే మన పిల్లలు జర్మనీలో వేలల్లో ఉన్నారు. బస్సు దిగిన రోజే తలా ఒక్క కాగితం రాయండి బాబూ. మనలో మనం తెలుగులో తిట్టుకుంటే వాళ్లకు అర్థం కాదు.